తాళం ఇచ్చిన కంపెనీయే దుకాణం మూసేస్తే మన వెబ్‌సైట్ సంగతేంటి?

ఈ రోజు ఎపిసోడ్‌లోకి వెళ్ళేముందు మీకు ఒక వాట్సాప్ మెసేజ్ చదివి వినిపిస్తాను. 2018 జూన్‌లో దాదాపు 250 మందికి వెళ్ళిన మెసేజ్ ఇది.

"మన వెబ్‌సైట్ ఓపెన్ చేస్తే వార్నింగ్ వస్తోంది. ఎవరూ భయపడొద్దు. కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కండి. తర్వాత ప్రొసీడ్ నొక్కండి. ఏం కాదు. ఫీజు కట్టేయొచ్చు."

ఇది రాసింది ఎవరో కాదు, నేనే. అప్పుడు నేను బీటెక్ థర్డ్ ఇయర్ అయిపోయి సెలవుల్లో ఉన్నాను. ఇప్పుడు ఆ మెసేజ్ చూస్తే సిగ్గుగా ఉంటుంది. ఎందుకో ఈ ఎపిసోడ్ అయిపోయేసరికి మీకే అర్థమవుతుంది.

టాపిక్ ఏంటంటే, మన వెబ్‌సైట్లకి సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే కంపెనీలు ఉంటాయి కదా, వాటిల్లో ఒకటి "మేము ఈ బిజినెస్ మానేస్తున్నాం" అని వెళ్ళిపోతే ఏమవుతుంది? వినడానికి బోరింగ్‌గా ఉంది, నాకు తెలుసు. కానీ మీ చేతిలో ఉన్న ఫోన్‌తో, మీ అమ్మానాన్నల బ్యాంక్ డబ్బులతో దీనికి డైరెక్ట్ సంబంధం ఉంది. కాబట్టి స్కిప్ చేయకండి.

ముందు కథ చెప్తా.

మా ఇల్లు ఎల్బీ నగర్. కాలేజీ సాగర్ రోడ్డు వైపు. రింగ్ రోడ్డు దగ్గర కాలేజీ బస్సు ఎక్కేవాణ్ణి, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రెండ్స్ రూమ్‌లో ఉండేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మెయిన్ రోడ్డు దిగి ఏ సందులోకి వెళ్ళినా ఒక కోచింగ్ సెంటర్, ఒక హాస్టల్, ఒక జిరాక్స్ షాపు, ఒక కర్రీ పాయింట్. అలాంటి ఒక సందులో రెండో అంతస్తులో చిన్న కోచింగ్ సెంటర్ ఉండేది. ఎస్ఐ, కానిస్టేబుల్, బ్యాంక్ పరీక్షలకి చెప్పేవాళ్ళు. దాన్ని నడిపే సార్ నాకు తెలిసినాయన. "ఏం నాయనా, కంప్యూటర్స్ చదువుతున్నవ్ గదా, మనకొక వెబ్‌సైట్ చేసిపెట్టు" అన్నారు. చేశాను. నాలుగు వేలు ఇచ్చారు. అదే నా ఫస్ట్ సంపాదన.

సైట్‌లో అడ్మిషన్ ఫామ్, ఫీజు కట్టే లింక్ పెట్టాను. సైట్‌కి సర్టిఫికెట్ కూడా తీసుకున్నా, ఒక సంవత్సరానికి. తీసుకునేటప్పుడు ఈ మెయిల్ ఐడీ అడిగింది. సార్‌ది ఇవ్వాలి కదా? నాది ఇచ్చాను. అది కూడా రోజూ వాడేది కాదు. ఆఫర్ల మెయిళ్ళు, ఇంకా ఏవేవో సైన్ అప్‌లు అన్నీ పడే చెత్తబుట్ట ఐడీ.

ఆ తర్వాత ఆ సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీ ఈ బిజినెస్‌లోంచి తప్పుకుంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ కథలో వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు పద్ధతిగా నాలుగు మెయిళ్ళు పంపారు. "మీ సర్టిఫికెట్ దాని గడువు దాకా పనిచేస్తుంది. తర్వాత మేము రెన్యూ చేయం. వేరే వాళ్ళ దగ్గర తీసుకోండి" అని స్పష్టంగా రాశారు. నాలుగూ చెత్తబుట్టలో పడ్డాయి. నేను చూడలేదు. సార్‌కి అసలు సర్టిఫికెట్ అనేది ఒకటి ఉందనే తెలీదు.

2018 మే చివర్లో తెలంగాణ పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ నెల ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఊళ్ళ నుంచి పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగుతున్నారు. హాస్టళ్ళలో బెడ్ దొరకట్లేదు. సరిగ్గా అప్పుడు, జూన్‌లో ఒక సోమవారం పొద్దున సార్ ఫోన్ చేశారు. "నాయనా, మన సైట్ దొంగ సైట్ అంటోందే ఫోన్!"

ఓపెన్ చేసి చూశా. "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్." కింద చిన్న అక్షరాల్లో సర్టిఫికెట్ డేట్ ఇన్వాలిడ్ అని ఎర్రర్. గడువు ముందు రోజు రాత్రే అయిపోయింది.

ఇప్పుడైతే దాన్ని నలభై నిమిషాల్లో సరిచేస్తా. అప్పుడు నాకు రెండు రోజులు పట్టింది. పాత కంపెనీ సైట్‌కి వెళ్తే రెన్యూ బటనే లేదు. ఎందుకు లేదో అర్థం కాలేదు. ఆ కంగారులో, అడ్మిషన్లు పోతాయని భయపడి, ఆ మెసేజ్ రాశాను. ఆఫీసు ఫోన్ నుంచి తల్లిదండ్రులందరికీ పంపించాం. డౌట్ ఉంటే కాల్ చేయండి అని కింద నా నంబర్ పెట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం సూర్యాపేట వైపు నుంచి ఒకాయన వచ్చారు. ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, అక్కడి నుంచి ఆటోలో. వాళ్ళ అమ్మాయి కానిస్టేబుల్ కోచింగ్‌లో చేరాలి. క్యాష్ తెచ్చారు. "ఆన్‌లైన్‌ల కడ్దామని చూస్తే ఫోన్ల దొంగలున్నరని అంటున్నది. ఎందుకొచ్చిన లొల్లి అని నేనే వచ్చిన" అన్నారు. రానూపోనూ ఒక రోజు కూలి పోయింది ఆయనకి. ఫ్రెండ్స్, గమనించండి. ఆ రోజు ఆ గదిలో కరెక్ట్‌గా ఆలోచించింది ఆయన ఒక్కరే. ఫోన్ ఆగమంది, ఆయన ఆగారు. నేను, బీటెక్ కుర్రాణ్ణి, ఆయన ఫోన్ తీసుకుని "ఇదిగో అంకుల్, ఇక్కడ అడ్వాన్స్‌డ్, ఇక్కడ ప్రొసీడ్, అంతే" అని నేర్పించాను.

ఈయన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తారు.

సరే, ఇప్పుడు అసలు సర్టిఫికెట్ అంటే ఏంటో చూద్దాం. ఎల్బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టు ఉంది కదా. ఆ చుట్టుపక్కల నోటరీ బోర్డులు చూసే ఉంటారు. అఫిడవిట్ కావాలంటే నోటరీ దగ్గరికి వెళ్తారు. ఆయన మీ ఆధార్ చూసి, మీరు మీరేనా అని చూసి, స్టాంపు గుద్ది సంతకం పెడతాడు. మీరు మంచోళ్ళా, చెడ్డోళ్ళా అని చూడడు. అది ఆయన పని కాదు. ఆ స్టాంపు చూసి ఆఫీసులో గుమాస్తా మీ కాగితం తీసుకుంటాడు.

వెబ్‌సైట్ సర్టిఫికెట్ కూడా అంతే. సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీని సర్టిఫికెట్ అథారిటీ అంటారు. అది నోటరీ. ఈ సైట్ అడ్రస్ నిజంగా ఈ మనిషి కంట్రోల్‌లోనే ఉందా అని చూసి స్టాంపు వేస్తుంది. మీ ఫోన్‌లో ఉన్న బ్రౌజర్ గుమాస్తా. స్టాంపు చూసి, గడువు చూసి, లోపలికి పంపిస్తుంది. మీరు టైప్ చేసిన పాస్‌వర్డ్ మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేస్తుంది.

మరి గుమాస్తాకి ఏ నోటరీ అసలు, ఏ నోటరీ నకిలీ అని ఎలా తెలుసు? తన దగ్గర ఒక లిస్టు ఉంటుంది. దాన్ని రూట్ స్టోర్ అంటారు. ఇది మీ ఫోన్‌లోనే ఉంది, ఇప్పుడే చూడొచ్చు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్ తెరిచి పైన సెర్చ్‌లో "ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్" అని కొట్టండి. వందకు పైగా పేర్లు వస్తాయి. వాటిల్లో బెంగళూరు కంపెనీ ఈముద్ర పేరు కూడా కనిపిస్తుంది, వెతకండి. మీరు ఎప్పుడూ వినని ఇన్ని కంపెనీల మాట మీ ఫోన్ నమ్ముతోంది. ఆ లిస్టులో ఎవరుండాలో నిర్ణయించేది ముఖ్యంగా నాలుగు సంస్థలు: గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా.

ఇప్పుడు మెయిన్ పాయింట్. నోటరీ వెళ్ళిపోవడం రెండు రకాలు.

ఒకటి, ఆయనే దుకాణం మూసేస్తాడు. అప్పుడు పాత స్టాంపులు గడువు దాకా చెల్లుతాయి. కొత్తవి మాత్రం ఇంకో చోట వేయించుకోవాలి. నా కథలో జరిగింది ఇదే.

రెండోది, ఆయన దొంగ స్టాంపులు వేశాడనో, సరిగ్గా చూడకుండా వేశాడనో తెలిసి, గుమాస్తాలందరూ "ఇక ఈయన స్టాంపు మేము తీసుకోం" అంటారు. అప్పుడు నిజాయితీగా స్టాంపు వేయించుకున్న వాళ్ళు కూడా ఇరుక్కుంటారు.

రెండో రకానికి పెద్ద ఉదాహరణలు ఉన్నాయి. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అని ఒక సర్టిఫికెట్ కంపెనీ ఉండేది. దాన్ని హ్యాక్ చేసి, 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు తయారు చేసుకున్నారు. గూగుల్ పేరుతో చేసిన దొంగ సర్టిఫికెట్‌ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళ మీద ప్రయోగించారు. బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ని లిస్టులోంచి తీసేశాయి. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో కంపెనీ దివాళా తీసింది.

తర్వాత సిమాంటెక్. యాంటీవైరస్ పేరుగా మీకు తెలిసే ఉంటుంది. 2010లో వెరీసైన్ సర్టిఫికెట్ బిజినెస్‌ని కొని, ప్రపంచంలోనే పెద్ద నోటరీల్లో ఒకటైంది. 2017లో, సర్టిఫికెట్లు సరిగ్గా చెక్ చేయకుండా ఇస్తున్నారని గూగుల్ గట్టిగా పట్టుకుంది. క్రోమ్ మెల్లమెల్లగా వాళ్ళ పాత సర్టిఫికెట్లను నమ్మడం మానేస్తుందని ప్రకటించింది. ఆ ఆగస్టులోనే సిమాంటెక్ ఈ బిజినెస్‌ని డిజిసర్ట్ అనే కంపెనీకి అమ్మేస్తున్నట్టు చెప్పింది. దాదాపు 95 కోట్ల డాలర్లు, పైగా కొంత వాటా. డిజిసర్ట్ పాత కస్టమర్లకి కొత్త సర్టిఫికెట్లు ఫ్రీగా ఇచ్చింది. అయినా ఎవరో ఒకరు సర్వర్‌లోకి వెళ్ళి మార్చాలి కదా. 2018 అక్టోబర్‌లో క్రోమ్ 70 వచ్చేసరికి మార్చుకోని సైట్లన్నీ వార్నింగ్ చూపించాయి.

మొన్నమొన్న ఎన్‌ట్రస్ట్. 2024 జూన్ 27న గూగుల్ "ఇకపై వీళ్ళు ఇచ్చే కొత్త సర్టిఫికెట్లను క్రోమ్ నమ్మదు" అని ప్రకటించింది. పాతవి గడువు దాకా చెల్లుతాయంది. 2025 జనవరిలో ఎన్‌ట్రస్ట్ ఈ బిజినెస్‌ని సెక్టిగోకి అమ్మేసింది.

ఇవన్నీ ఎక్కడో ఫారిన్‌లో అనుకుంటున్నారా? మన దగ్గర కూడా జరిగింది. అదీ ప్రభుత్వ సంస్థకి. చాలా మందికి తెలీదు ఇది, కాస్త వివరంగా చెప్తా.

మన దేశంలో ఐటీ చట్టం 2000 ప్రకారం కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అని ఒక ఆఫీసు ఉంది. షార్ట్‌గా సీసీఏ. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకి లైసెన్సు ఇచ్చేది వీళ్ళే. 2002లో సిఫీ వాళ్ళ సేఫ్‌స్క్రిప్ట్‌కి మొదటి లైసెన్సు ఇచ్చారు. తర్వాత టీసీఎస్, గుజరాత్ ఎన్‌కోడ్, ఈముద్ర ఇలా కొన్ని వచ్చాయి. మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ కూడా అందులో ఉంది. అలాగే ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసుకునే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ.

2014 జులై 2న గూగుల్ వాళ్ళు ఒక విషయం కనిపెట్టారు. గూగుల్ అడ్రస్‌లకి ఎన్ఐసీ స్టాంపుతో సర్టిఫికెట్లు తిరుగుతున్నాయి. గూగుల్ అడగలేదు, వాళ్ళకి తెలీదు. అంటే ఆ సర్టిఫికెట్ ఉన్నవాడు మధ్యలో కూర్చుని "నేనే గూగుల్" అంటే కొన్ని కంప్యూటర్లు నమ్మేస్తాయి. కొన్ని అని ఎందుకన్నానంటే, అప్పుడు సీసీఏ రూట్ మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉంది. కాబట్టి విండోస్ కంప్యూటర్లకే ప్రమాదం. ఫైర్‌ఫాక్స్‌కి సొంత లిస్టు ఉంది, అందులో లేదు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో లేదు.

మర్నాడే సీసీఏ ఎన్ఐసీ సర్టిఫికెట్లన్నీ రద్దు చేసింది. ఎంక్వయిరీలో ఎన్ఐసీ సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతిలోకే ఎవరో చొరబడ్డారని, మొత్తం నాలుగు దొంగవి బయటికెళ్ళాయని చెప్పారు. మూడు గూగుల్‌వి, ఒకటి యాహూది. కానీ గూగుల్ ఏమందంటే, ఆ నాలుగులో లేనివి కూడా మేము చూశాం అంది. అంటే మొత్తం ఎన్నో ఎవరికీ గ్యారంటీ లేదు. తర్వాత మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హెచ్చరికలో గూగుల్, యాహూలకి చెందిన 45 అడ్రస్‌ల పేర్లున్నాయి.

అప్పుడు గూగుల్ ఏం చేసిందో చూడండి. ఇండియా రూట్‌ని పూర్తిగా తీసేయలేదు. క్రోమ్‌లో దాన్ని ఏడు డొమైన్లకే పరిమితం చేసింది. గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, రిజర్వ్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఎన్‌కోడ్, టీసీఎస్ సైట్లు. అంతే. అంటే నోటరీ స్టాంపు ఇక తన వీధిలోనే చెల్లుతుంది, ఊళ్ళో చెల్లదు అన్నట్టు. ఎన్ఐసీ సర్టిఫికెట్లు ఇవ్వడం ఆపేసింది.

ఇక్కడ మనసుకి కాస్త గుచ్చుకునే విషయం ఒకటుంది. ఒక దేశ ప్రభుత్వం చట్టం చేసి, లైసెన్సు ఇచ్చి పెట్టిన నోటరీ స్టాంపు ఎక్కడిదాకా చెల్లుతుందో నిర్ణయించింది కాలిఫోర్నియాలో ఒక కంపెనీ. తప్పు మన వైపే ఉంది, కాదనను. గూగుల్ చేసింది యూజర్లని కాపాడటానికే. కానీ తాళం మనదైనా, ఆ తాళం చెల్లుతుందో లేదో చెప్పేది మనం కాదు.

ప్రభుత్వానికి కూడా ఇది గుచ్చుకున్నట్టే ఉంది. 2023 ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ, సీసీఏ కలిసి ఇండియన్ వెబ్ బ్రౌజర్ పోటీ పెట్టారు. ప్రైజ్ మొత్తం 3.41 కోట్లు. ముఖ్యమైన షరతు ఏంటంటే, ఆ బ్రౌజర్‌లో సీసీఏ ఇండియా రూట్ ఉండాలి. 2025 మార్చిలో రిజల్ట్ వచ్చింది, జోహోకి ఫస్ట్ ప్రైజ్, కోటి రూపాయలు. బాగుంది. కానీ మీ నాన్నగారి ఫోన్‌లో క్రోమ్ ఉన్నంతవరకు క్రోమ్ లిస్టే లెక్క. నమ్మకం పోగొట్టుకోవడానికి ఒక వారం పట్టింది. తిరిగి సంపాదించడానికి పదేళ్ళు దాటినా ఇంకా పోటీలే పెట్టుకుంటున్నాం.

సరే, కథలోకి మళ్ళీ వద్దాం.

రెండు రోజుల తర్వాత నేను కొత్త సర్టిఫికెట్ పెట్టాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థది, ఫ్రీ. సైట్ ఓపెన్ అయింది, తాళం గుర్తు వచ్చింది. సంతోషంలో రెండో మెసేజ్ పంపాను. "ప్రాబ్లం సాల్వ్ అయింది. ఇప్పుడు పైన తాళం గుర్తు చూడండి. తాళం ఉంటే సేఫ్. ధైర్యంగా డబ్బు కట్టొచ్చు."

తర్వాత డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది. రోజూ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో మారడం, రాయదుర్గంలో దిగడం. ఆ కోచింగ్ సెంటర్ గురించి మర్చిపోయాను.

2022లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఏదో నంబర్ నుంచి ఫోన్. "బాబూ, నేను సూర్యాపేట నుంచి. మా బిడ్డ కోచింగ్ అప్పుడు నువ్వు ఫోన్ల చూపెట్టినవ్ గదా." నాలుగేళ్ళ కింద మెసేజ్‌లో ఉన్న నా నంబర్ ఆయన దాచుకున్నారు. విషయం ఏంటంటే, ఆయనకి మెసేజ్ వచ్చింది. కరెంట్ బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కనెక్షన్ కట్ చేస్తాం, వెంటనే ఈ లింక్‌లో కట్టండి అని. "ఓపెన్ చేసిన బాబూ. తాళం గుర్తు ఉన్నది. నువ్వు తాళముంటే కట్టొచ్చన్నవ్ గదా. కార్డు నంబర్ అడుగుతున్నది. కొట్టుమంటవా?"

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. లింక్ పంపమన్నాను. చూస్తే కరెంటు ఆఫీసుకి దానికి ఏ సంబంధం లేదు. ఫ్రీ సర్టిఫికెట్ తీసుకుని పెట్టిన దొంగ సైట్. తాళం మాత్రం పర్ఫెక్ట్‌గా ఉంది. వద్దు అంకుల్, అది మూసేయండి, మెసేజ్ డిలీట్ చేయండి అని చెప్పాను. డబ్బు పోలేదు. కానీ పోకపోవడానికి కారణం నేను కాదు, ఆయన ఒక మాట అడగాలనుకున్నారు, అంతే. మిగతా 249 మందిలో ఎవరు అడిగారు, ఎవరు అడక్కుండా కట్టేశారు? నాకు ఎప్పటికీ తెలీదు.

అర్థమైందా ఫ్రెండ్స్, నేను రెండు మెసేజ్‌లు పంపాను, రెండూ తప్పే. మొదటి దాంట్లో, ఫోన్ ఆగమన్నప్పుడు ఆగొద్దని నేర్పాను. రెండో దాంట్లో, నోటరీ స్టాంపు ఉంటే మనిషి మంచోడని నేర్పాను. నోటరీ చూసేది నువ్వు నువ్వేనా అని మాత్రమే. దొంగ కూడా తన సొంత పేరుతో అఫిడవిట్ తీసుకోవచ్చు కదా.

ఈ తాళం గుర్తుతో జనం ఇలా మోసపోతున్నారని గూగుల్ కూడా ఒప్పుకుంది. అందుకే 2023 సెప్టెంబర్‌లో క్రోమ్ 117 నుంచి తాళం బొమ్మ తీసేసి, రెండు గీతలు రెండు చుక్కలున్న గుర్తు పెట్టారు. దాదాపు ఫిషింగ్ సైట్లన్నిటికీ తాళం ఉంటోందని వాళ్ళే రాశారు.

ఇప్పుడు మనం చేయాల్సింది. మన వ్యూయర్స్‌లో చాలా మంది బీటెక్ వాళ్ళే. ఊళ్ళో బాబాయి షాపుకో, తెలిసినవాళ్ళ స్కూలుకో, హాస్టల్‌కో సైట్ చేసి ఇస్తుంటారు. మీకు మూడు మాటలు.

మొదటిది, సర్టిఫికెట్, డొమైన్, హోస్టింగ్, మూడిటికీ ఓనర్ మెయిల్ ఐడీ, ఓనర్ ఫోన్ నంబర్ ఇవ్వండి. మీది రెండోదిగా పెట్టండి. కంపెనీ వెళ్ళిపోతే మొదట తెలిసేది ఆ మెయిల్‌కే. ఒక తెల్ల కాగితం మీద ఎవరి దగ్గర తీసుకున్నాం, గడువు ఎప్పుడు అని రాసి షాపులో క్యాష్ కౌంటర్ పక్కన అంటించండి. నవ్వకండి, పనిచేస్తుంది.

రెండోది, రెన్యువల్ ఆటోమేటిక్‌గా జరిగేలా పెట్టండి. ఇది ఇప్పుడు ఆప్షన్ కాదు, తప్పదు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్లు, సర్టిఫికెట్ కంపెనీలు కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాయి. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజులు ఉండేది. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు. 2027 మార్చి 15 నుంచి 100 రోజులు. 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. చేత్తో రెన్యూ చేసే రోజులు పోయాయి. ఆటోమేటిక్ పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. ఒక కంపెనీ వెళ్ళిపోతే సెట్టింగ్‌లో ఇంకో కంపెనీ పేరు పెడితే చాలు. నా నలభై నిమిషాల పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆటోమేటిక్ కూడా ఒక్కోసారి ఫెయిల్ అవుతుంది. నెలకోసారి సైట్ తెరిచి చూడండి.

మూడోది, ఇదే అన్నిటికంటే ముఖ్యం. సైట్ వార్నింగ్ చూపిస్తుంటే కస్టమర్లకి "ప్రొసీడ్ నొక్కండి" అని ఎప్పుడూ చెప్పకండి. సైట్ మూసేయండి. "రెండు రోజులు ఆన్‌లైన్ లేదు, ఆఫీసుకి రండి లేదా ఫోన్ చేయండి" అని పెట్టండి. నాలుగు అడ్మిషన్లు పోతే పోతాయి. వాళ్ళకి నేర్పిన చెడ్డ అలవాటు మాత్రం మీ సైట్‌తో ఆగదు, వాళ్ళ బ్యాంక్ దాకా వెళ్తుంది.

ఇక మామూలు యూజర్లకి. అడ్రస్ చదవడం నేర్చుకోండి, అదీ కుడి నుంచి ఎడమకి. డాట్ కామ్ తర్వాత వచ్చే మొదటి గీతకి ముందు, చివర్లో ఉన్న పేరే అసలు ఓనర్. ముందు ఎన్ని బ్యాంకు పేర్లు, కరెంటు పేర్లు రాసినా లెక్కలోకి రావు. బ్యాంకుల విషయంలో ఒక మంచి పని జరిగింది, అదీ మన హైదరాబాద్ నుంచే. 2025లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అడ్రస్‌కి మారాలని చెప్పింది. అక్టోబర్ 31 గడువు పెట్టింది. ఆ పేర్లు రిజిస్టర్ చేసేది ఇందాక చెప్పిన మాసాబ్ ట్యాంక్ ఐడీఆర్‌బీటీ ఒక్కటే. బ్యాంకు కానివాళ్ళకి ఆ పేరు ఇవ్వరు. కాబట్టి స్టేట్ బ్యాంక్ అంటే చివర ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందా అని చూడండి. తాళం చెప్పలేని విషయం ఈ పేరు చెప్తుంది.

మోసపోయామని అనిపిస్తే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

లాస్ట్‌గా ఒకటి. పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. ఆ కోచింగ్ సెంటర్ ఇప్పుడు లేదు, అక్కడ లేడీస్ హాస్టల్ బోర్డు ఉంది. సార్‌ని కలిశాను, రిటైరై ఎల్బీ నగర్‌లోనే ఉంటున్నారు. పాత ఆఫీసు ఫోన్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఆ 250 నంబర్ల లిస్టు కూడా ఉంది. ఆయన ఒప్పుకున్నారు. ఇద్దరం కూర్చుని మూడో మెసేజ్ పంపించాం. అది కూడా చదువుతాను.

"నమస్కారం. 2018లో మేము మీకు రెండు విషయాలు తప్పు చెప్పాం. ఫోన్‌లో వార్నింగ్ వస్తే అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్ నొక్కొద్దు. ఆగండి. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైట్ మంచిది కాదు. అడ్రస్ చూడండి. డౌట్ ఉంటే డబ్బు కట్టేముందు తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ చేయండి. మమ్మల్ని క్షమించండి."

సగం నంబర్లకి సింగిల్ టిక్కే వచ్చింది. కొందరు "ఎవరు మీరు?" అన్నారు. సూర్యాపేట అంకుల్ మాత్రం రిప్లై ఇచ్చారు. "మా బిడ్డ ఇప్పుడు కానిస్టేబుల్. నీ మెసేజ్ ఆమెకు చూపెట్టిన. స్టేషన్ల అందరికీ పంపుతనన్నది."

ఈ మెసేజ్ టెక్స్ట్ కింద డిస్క్రిప్షన్‌లో పెడుతున్నా. మీ ఇంట్లో వాళ్ళ గ్రూపులో పెట్టండి. మీరు ఎవరికైనా సైట్ చేసి ఇచ్చి ఉంటే, ఇప్పుడే ఆ సర్టిఫికెట్ ఎవరి మెయిల్ మీద ఉందో చూసి కామెంట్‌లో చెప్పండి. నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో చూద్దాం. నచ్చితే లైక్ చేయండి, ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.